ఒక్కడికే ఇంత అలసటా?

మొన్న మాఘమాసంలో మా బంధువుల ఇంట్లో అన్నప్రాశన జరిగింది. పిల్లవాడికి ఆరో నెల. వాడి ముందు పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి, పూలు పేర్చారు. ఏది పట్టుకుంటాడా అని అందరం చుట్టూ చేరి చూస్తున్నాం. వాడి తల్లి మాత్రం గోడకి ఆనుకుని కునుకు తీసింది. మహా అయితే రెండు నిమిషాలు. పట్టుచీర, మెడ నిండా నగలు, భుజం మీద పిల్లాడి మూతి తుడిచే గుడ్డ, ఓ పక్కకి వాలిపోయిన తల. ఫొటోలు తీసే కుర్రాడు "అమ్మా, ఇటు చూడండి" అని కేకేస్తే ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ నవ్వుతూనే అంది: "మేం ఆరుగురిని పెంచామే. ఒక్కడికే ఇంత అలసటా?"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. శుభకార్యం కదా అని ఆ రోజు నేను నోరు మెదపలేదు. ఊరుకుని తప్పు చేశానని ఇంటికొచ్చాక తెలిసింది. ఎందుకంటే ఆ మాట ఆవిడ ఒక్కరిదీ కాదు. మన ఇళ్ళల్లో ప్రతి బాలింత చెవినా పడేదే, ప్రతి చిన్నపిల్లల తల్లీ దిగమింగేదే. ఆ రోజు మింగిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

ఆరుగురిని పెంచిన మాట నిజమే. ఎవరెవరు పెంచారో కూడా చెప్పుకోవాలి కదా.

మా అమ్మమ్మగారిది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. ఆ ఇంట్లో చంటిపిల్లవాడు తల్లి చేతుల్లో ఉండేది పాలు తాగేటప్పుడూ, రాత్రి పక్కలోనూ. తెల్లారగానే నాయనమ్మ కాళ్ళు చాపుకుని, వాటి మీద వాణ్ణి బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి నీళ్ళు పోసేది, సాంబ్రాణి పొగ వేసేది. తర్వాత వంతు, భర్త పోయి పుట్టింటికి చేరిన మేనత్తది. ఆవిడ బతుకంతా ఆ పిల్లల వెనకే గడిచిపోయింది. జీతం సరే, ఒక మంచి మాట కూడా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం పూట పిల్లవాడు పెద్దపిల్ల చంక ఎక్కేవాడు. ఆ పెద్దపిల్ల మా పెద్దమ్మ. అయిదో క్లాసుతో బడి మానిపించి తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ అప్పజెప్పారు. "మేం ఆరుగురిని పెంచాం" అంటారే, ఆ "మేం"లో మా పెద్దమ్మ చదువు కూడా ఉంది.

అమెరికా మానవశాస్త్రవేత్త సారా బ్లాఫర్ హర్డీ 2009లో వచ్చిన ‘మదర్స్ అండ్ అదర్స్’ పుస్తకమంతా ఈ సంగతే చెప్పింది. మనిషి పిల్ల ఒక్క తల్లి చేతుల మీద పెరిగే ప్రాణి కాదు. అమ్మమ్మలు, అక్కలు, అత్తలు, ఇరుగుపొరుగు తలో చెయ్యీ వేస్తేనే మన జాతి ఇంతదూరం వచ్చింది. నాలుగో అంతస్తులో తలుపేసుకుని, మాట్లాడే మనిషి లేక, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక్కతే బిడ్డను చూసుకోవడం మనుషుల చరిత్రలో కొత్త పని. పదిమంది కలిసి ఆరుగురిని పెంచడం కన్నా, ఒక్కతే ఒక్కణ్ణి పెంచడం తేలికని ఎవరు తేల్చారు? అమెరికాలో కాపురాలున్న మన పిల్లలని అడగండి. కాన్పుకు ముందు అమ్మ వస్తుంది. ఆరు నెలల గడువు అయిపోగానే ఆవిడ విమానం ఎక్కుతుంది, అత్తగారు దిగుతుంది. ఆవిడ పెట్టె కూడా సర్దుకుని వెళ్ళిపోయాక, చలికాలం నాలుగున్నరకే చీకటిపడే న్యూజెర్సీ ఇంట్లో మిగిలేది ఆ పిల్లా, ఆ పసిబిడ్డా.

ఆ పెద్దలే మరిచిపోయిన సంగతి ఇంకొకటుంది. బాలింతకు విశ్రాంతి ఇవ్వాలన్నది మన ఆచారమే. తొలికాన్పు పుట్టింట్లో చేసేది అందుకే. పురిటి స్నానం అయ్యేదాకా వంటింటి గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, చన్నీళ్ళలో చెయ్యి పెడితే కేకలు. కాయం, వెల్లుల్లి కారం, పాలు పడాలని తెలకపిండి కూర. మూడో నెల్లోనో అయిదో నెల్లోనో సారె పెట్టి అత్తారింటికి పంపేవాళ్ళు. మైల పేరుతో ఆడదాన్ని ఓ మూల కూర్చోబెట్టిన అవమానం కూడా అందులో ఉంది. దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ బిడ్డను కన్న ఒంటికి కొన్ని నెలలు పని చెప్పకూడదన్న ఎరుక ఆ ఇళ్ళకి ఉండేది. అదీ అందరికీ అందలేదు. నాట్లకు వెళ్ళే తల్లి గట్టు మీది చెట్టుకొమ్మకి పాతచీరతో ఉయ్యాల కట్టి బురదలోకి దిగేది. పాలు చేపుకొచ్చినప్పుడు గట్టెక్కేది. ఈ కాలానికి వచ్చేసరికి ఆ ఎరుకను వదిలేశాం. దెప్పిపొడుపు మాత్రం జాగ్రత్తగా దాచుకున్నాం.

మరి ఆరుగురిని కన్న ఆ తల్లులు అలిసిపోలేదా? అలిసిపోయారు. అలసటకి అప్పట్లో వేరే పేర్లుండేవి. నడుంపోటు, పార్శ్వనొప్పి, గుండెదడ, గాలి సోకడం. మధ్యాహ్నం భోజనాలయ్యాక చీకటి గదిలో, నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్న ఆడవాళ్ళని నా చిన్నతనంలో ఎన్ని ఇళ్ళల్లో చూశానో. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఆ గది గూట్లో ఎప్పుడూ ఉండేది. ఆ డబ్బీ అంత తొందరగా ఎందుకు ఖాళీ అవుతోందని ఆ ఇళ్ళల్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు కోడలిని దెప్పుతున్న పెద్దావిడ కూడా ఒకప్పుడు ఆ గదిలో పడుకున్న మనిషే. తన అలసటను ఎవరూ లెక్కచెయ్యలేదు కాబట్టి, కోడలి అలసట ఆవిడకి గారాబంగా కనపడుతోంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడకి కూడా ఒక మాట బాకీ ఉన్నాం.

"మీకేం, మిక్సీ ఉంది, గ్యాసు ఉంది, వాషింగ్ మెషీన్ ఉంది" అన్నది రెండో వాదన. ఇది వినడానికి ఎంత సబబుగా ఉంటుందో, అంత తప్పు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో అమెరికా ఇళ్ళ గురించి రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ పుస్తకంలో ఈ లెక్క విప్పి చూపించింది. యంత్రాలు వచ్చాక ఇంట్లో మగవాళ్ళూ పిల్లలూ చేసే పనులు ఒక్కొక్కటే పోయాయి. ఇల్లాలి గంటలు మాత్రం తగ్గలేదు. మన ఇంటికే వర్తింపజేసి చూడండి. కట్టెలు కొట్టేది మగవాళ్ళు. గ్యాసు రావడంతో వాళ్ళ పని పోయింది, పొయ్యి ముందు నిలబడే మనిషి అక్కడే ఉంది. వడ్ల బస్తా మరకు మోసుకెళ్ళేది మగవాళ్ళు. బియ్యం సంచీ ఇంటికే వస్తోంది, అన్నం మాత్రం దానంతటదే ఉడకడం లేదు. బట్టలు వారానికోసారి చాకలి పట్టుకెళ్ళేవాడు. మెషీన్ వచ్చాక రోజూ ఉతుకుతున్నాం, రోజూ ఆరేస్తున్నాం, రోజూ మడతపెడుతున్నాం. రోట్లో రుబ్బిన రోజుల్లో ఒక పచ్చడే గొప్ప. మిక్సీ వచ్చాక ఇడ్లీలోకి రెండు చట్నీలు లేకపోతే మొహాలు ముడుచుకుంటున్నాయి.

ఇక బడి. మా అమ్మ నన్ను బడికి పంపడమంటే పలకా బలపం చేతికిచ్చి తలుపు దాకా రావడం. ఇప్పుడు అన్నం డబ్బా వేరు, చిరుతిండి డబ్బా వేరు. నిన్న పెట్టింది ఇవాళ పెట్టకూడదు. రాత్రి తొమ్మిదిన్నరకి క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది, రేపు పసుపురంగు బట్టల్లో పంపమని. టీకా ఎప్పుడు, బస్సు ఫీజు ఎప్పటిలోగా, కాలిబూట్లు బిగుతయ్యాయా, అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, పాలవాడికి సెలవు చెప్పామా... ఇవన్నీ ఒక్క తలలో తిరుగుతుంటాయి. "నాకు చెప్పొచ్చుగా, నేను చేసేవాణ్ణిగా" అంటాడు భర్త. మంచివాడే. కానీ గుర్తుపెట్టుకుని చెప్పడం కూడా పనేనని అతనికి తట్టదు. ఆ పనికి ఇప్పటిదాకా ఏ మెషీనూ ఇంటికి రాలేదు.

మూడో వాదన అన్నిటికన్నా తియ్యనిది, అన్నిటికన్నా ప్రమాదమైనది కూడా. అమ్మ దేవత, అమ్మ భూదేవి, అమ్మకు అలుపుండదు. పెళ్ళిళ్ళలో వినిపించే ఒక శ్లోకం భార్యకు ఆరు పాత్రలు అప్పగిస్తుంది. దాసి, మంత్రి, లక్ష్మి, భూమి, తల్లి, రంభ. ఆ ఆరింటిలో కాసేపు నిద్రపోయే మనిషి ఒక్కరూ లేరు. దేవత అన్నాక ఆకలి, నిద్ర, విసుగు ఉండకూడదు కదా. గుడిలో విగ్రహానికి పూలదండ వేస్తాం కానీ కుర్చీ వెయ్యం. పొగడ్త ఇచ్చి విశ్రాంతి ఎగ్గొట్టడం మనకు బాగా అలవాటైంది. మే నెల రెండో ఆదివారం మదర్స్ డే అని అమ్మ ఫొటోకి నాలుగు వాక్యాలు రాసి పెట్టిన కొడుకు, ఆ మధ్యాహ్నం ఆవిడ వడ్డించిన కంచం అక్కడే వదిలి లేస్తాడు.

దేవత సంగతి పక్కనపెట్టి మనిషి లెక్కలు చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్ళు దాటిన ఆడవాళ్ళలో నూటికి 81 మంది జీతంలేని ఇంటిపని చేస్తున్నారు. మగవాళ్ళలో 26 మందే. ఆ చేసేవాళ్ళలో కూడా ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఇందులో కలపలేదు, దానికి వేరే లెక్క ఉంది. ఇంత పని చేసే ఒంట్లో రక్తం ఎంత ఉంది? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రలో 42.4 శాతం. మగవాడికి హెర్నియా ఆపరేషన్ అయితే ఇంట్లో వారాల తరబడి నీళ్ళ బిందె ముట్టుకోనివ్వరు. పొట్ట కోసి బిడ్డను తీసిన తల్లి కుట్లు మానకముందే ఆ బిడ్డను ఎత్తుకుని రాత్రంతా అటూ ఇటూ నడుస్తుంది. రక్తం చాలని మనిషిని పట్టుకుని "ఓపిక లేదేమిటి?" అని అడగడానికి మనకు నోరెలా వస్తోంది?

"ప్రేమ ఉంటే అలసట తెలీదు" అంటారు. దీనికి మాత్రం నా సొంత సంగతి చెప్పాలి. నా కూతురు మూడో తరగతిలో ఉండగా ఒక రాత్రి పదిన్నరకి ఇద్దరం కూర్చుని సౌరకుటుంబం చేస్తున్నాం. థర్మాకోల్ బంతులకి రంగులు. పొద్దున అయిదింటికి లేచాను. మధ్యలో ఆఫీసు, వంట, జ్వరంతో ఉన్న చిన్నవాడు. అది చెయ్యి తగిలి రంగునీళ్ళ గిన్నె ఒలకబోసింది. నేను దాని చెంప మీద కొట్టాను. అది ఏడవలేదు, నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి అది నిద్రపోయాక పక్కన కూర్చుని, నాకు తల్లి ప్రేమే లేదేమో అనుకున్నాను. రాక్షసి అనుకున్నాను. ఇంకా ఏమేమో అనుకున్నాను.

కొన్నేళ్ళ తర్వాత ఒక సంగతి చదివాను. ఆస్ట్రేలియాలో విలియమ్సన్, ఫేయర్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించారు. నిద్ర లేకుండా 17 నుంచి 19 గంటలు మేలుకున్న మనుషులకి పరీక్షలు పెడితే, కొన్నిటిలో వాళ్ళు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ళతో సమానంగా తడబడ్డారు, ఒక్కోచోట వాళ్ళకన్నా ఎక్కువగా. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటితేనే బండి నడపనివ్వదు. ఆ రాత్రి పదిన్నరకి నేను మేలుకుని పదిహేడున్నర గంటలైంది. రోడ్డు మీదైతే బండి దించి తాళం లాక్కునే స్థితిలో ఉన్న మనిషికి, ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లనూ, వేడినూనె మూకుడునూ, జ్వరం మందునూ అప్పజెప్పి, పైగా చిరునవ్వు చెదరకూడదంటున్నాం.

కొట్టడం తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. అలసట దానికి మాఫీ ఇవ్వదు. కానీ ఆ తప్పుకి కారణం ప్రేమ లేకపోవడమని నన్ను నేను వేధించుకున్నన్నాళ్ళూ ఏదీ బాగుపడలేదు. ఇంకా భయపడ్డాను, ఇంకా విసుక్కున్నాను. కారణం నిద్ర అని తెలిశాక మా ఇంట్లో మారినవి ఇవి: రాత్రి ఎనిమిది తర్వాత బడి పని ముట్టుకోం, గిన్నెలు ఆయన వంతు, ఆదివారం పొద్దున నన్ను ఎవరూ లేపరు. నేను కొట్టిన మర్నాడు పొద్దున నా కూతురి ముందు కూర్చుని "నిన్న అమ్మ తప్పు చేసింది" అన్నాను. అది నా మెడ చుట్టూ చేతులేసింది. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తల్లీబిడ్డల్ని దగ్గరుండి గమనించి చెప్పింది విన్నాక నాకు ధైర్యం కలిగింది. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా కలిసేది మూడోవంతు సేపే. మిగతాదంతా తప్పిపోవడం, మళ్ళీ వెతుక్కోవడం. బిడ్డ నేర్చుకునేది ఆ వెతుక్కోవడంలోనే. ఇంగ్లండులో పిల్లల వైద్యుడూ మానసిక విశ్లేషకుడూ అయిన డొనాల్డ్ విన్నికాట్ ఇంకా ముందే, 1949లో, తల్లికి తన పసిబిడ్డ మీద కోపమూ ద్వేషమూ రావడానికి ఉండే కారణాల జాబితాను ఒక వ్యాసంలో రాశాడు. తల్లుల్ని నిందించడానికి కాదు. వస్తాయి, వచ్చినా ఆమె బిడ్డను కాపాడుకుంటూనే ఉంటుంది అని చెప్పడానికి. లోపం లేని తల్లి బిడ్డకి అక్కర్లేదన్నాడు, సరిపడా మంచి తల్లి చాలన్నాడు.

ఈమధ్య ఇంకో రకం ఉపదేశాలు బయల్దేరాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి మీకోసం గంటసేపు ధ్యానం చేసుకోండి, మొహానికి అది రాసుకోండి, డైరీలో ఇది రాయండి. నిద్ర చాలని మనిషిని ఇంకో గంట ముందు లేవమనడం దయ ఎలా అవుతుంది? ఇవి చెయ్యలేకపోతే అదొక కొత్త నేరం మెడకి చుట్టుకుంటుంది. వీటి గురించి ఇంతకన్నా చెప్పను.

తన మీద తనకు దయ అంటే నేను చెప్పేది చాలా చిన్న పని. ఇదే అలసటతో, ఇదే తప్పు చేసి మీ చెల్లెలు ఫోన్ చేసిందనుకోండి. "నువ్వూ ఒక తల్లివేనా?" అంటారా? అనరు. "తిన్నావా? కాసేపు పడుకో. ఇవాళ్టికి ఉప్మా చాలు" అంటారు. ఆ మాటే మీకు మీరు చెప్పుకోండి. ఇలా చెప్పుకుంటే బద్ధకం పెరుగుతుందని భయపెట్టేవాళ్ళున్నారు. దెబ్బలు తిన్న ఎద్దు ఎక్కువ దున్నుతుందని నమ్మేవాళ్ళు అనే మాట అది. అమెరికాలోని బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బ్రైన్స్, చెన్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ తప్పును దయగా చూసుకున్నవాళ్ళే దాన్ని దిద్దుకోవడానికి ఎక్కువ పూనుకున్నారు.

ఇంకో మాట. అడగందే అమ్మయినా పెట్టదని పిల్లలకు నేర్పుతాం. అడగడం మాత్రం అమ్మకు ఎవరూ నేర్పలేదు. అడగండి. "నాకు చేతకావడం లేదు" అన్న మాటతో మొదలుపెట్టకండి, అది అబద్ధం. "ఇది ఇద్దరి పని, ఇవాళ్టి నుంచి ఇది నీ వంతు" అనండి. అడిగేటప్పుడు మరొక తల్లిని మరవద్దు. మనకు వెసులుబాటు ఇచ్చేది తరచుగా ఇంకో అలసిన తల్లే. ఆరింటికే మన గిన్నెలు తోమడానికి వచ్చే మనిషి తన పిల్లకు జడ వేసి వచ్చిందో లేదో మనం అడగం. 2017 సవరణ నుంచి చట్టం 26 వారాల దాకా జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇస్తోంది. అది పదిమందికి తగ్గని సంస్థల్లో పనిచేసేవాళ్ళకే. మన ఇంట్లో పనిచేసే మనిషికీ, మిరపకోతకి వెళ్ళే మనిషికీ అందులో చోటు లేదు. మన గిన్నెలు తోమే ఆమెకు నెలకి నాలుగు సెలవులూ, ఒంట్లో బాగా లేనప్పుడు జీతం కోయకపోవడమూ మన చేతిలో ఉన్నాయి.

అన్ని అలసటలూ నిద్రతో తీరవు. ఆకలి చచ్చిపోయి, బిడ్డ ఏడుస్తున్నా లేవబుద్ధి కాక, నేను లేకపోతేనే వీళ్ళు సుఖపడతారనిపిస్తుంటే అది జబ్బు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వేసిన లెక్క ప్రకారం, కాన్పు తర్వాత నూటికి 22 మంది తల్లులకి ఈ కుంగుబాటు వస్తోంది. అంటే ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి. దీన్ని పొగరనీ, గాలి సోకిందనీ, పుట్టింటి గారాబమనీ అంటూ ఇంట్లో దాచిపెడితే ప్రాణాలు పోతాయి, పోతున్నాయి కూడా. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. పగలైనా, రాత్రైనా.

ఇది చదువుతున్న భర్తలకు, అత్తగార్లకు, ఎదిగిన పిల్లలకు నాదొక విన్నపం. ఈ రాత్రి మీ ఇంట్లో తల్లి పొద్దున ఎన్నింటికి లేచిందో గుర్తుచేసుకుని గంటలు లెక్కపెట్టండి. పదిహేడు దాటి, ఆమె ఇంకా సింకు ముందు నిలబడి ఉంటే, ఇంకేమీ అనకుండా పక్కకి జరగమనండి. మిగతా గిన్నెలు మీరు తోమండి.